బేబ్ రూత్ హోమ్‌రన్లలో బంతి వాటా ఎంత?

పాతలెక్కలు

మిత్రులారా, బేస్‌బాల్‌లో బేబ్ రూత్‌ను మించిన బ్యాటర్ పుట్టలేదని చెప్పడం అమెరికాలో ఒక ఆనవాయితీ. 714 హోమ్‌రన్లు (గోడ దాటి పోయే దెబ్బలు, మన సిక్సర్ల లాంటివి), 1927లో ఒక్క సీజన్‌లోనే 60 అన్న అంకెలను నేను కాదనడం లేదు. అవి పెరిగిన కాలాన్ని గమనించమంటున్నాను. 1920 సీజన్‌కు ముందు ఉమ్మి రాసి విసిరే బంతిని నిషేధించారు. అప్పటికే దాని మీద ఆధారపడిన 17 మంది పిచర్లకు (బంతి విసిరేవారికి) మాత్రమే తర్వాత మినహాయింపు దక్కింది. అదే ఏడాది ఆగస్టు 16న, రూత్ అప్పుడే చేరిన న్యూయార్క్ యాంకీస్ జట్టు సొంత మైదానం పోలో గ్రౌండ్స్‌లో, ఆయన సహచరుడు కార్ల్ మేస్ విసిరిన బంతి క్లీవ్‌లాండ్ ఆటగాడు రే చాప్‌మన్ తలకు తగిలింది. అది బ్యాటుకే తగిలిందనుకున్న మేస్, వెనక్కి దొర్లి వచ్చిన బంతిని ఏరి, బ్యాటర్‌ను అవుట్ చేయడానికి అతను పరుగెత్తి చేరాల్సిన మొదటి మజిలీ అయిన మొదటి బేసుకు విసిరాడంటే ఆ దెబ్బ చప్పుడు ఎంతటిదో ఊహించవచ్చు. చాప్‌మన్ మర్నాడు కన్నుమూశాడు, ఆ తర్వాత మాసిన బంతులను తరచూ మార్చడం మొదలైంది. పిచర్ చేతిలోని ఆయుధాలు ఒక్కొక్కటిగా పోతున్న ఆ కాలంలోనే రూత్ 54 హోమ్‌రన్లు కొట్టాడు. ఈ ఘనతలో సగమైనా బంతికి చెందాలన్నది నా వాదన.

ఎడమచేతివాటం

పాతలెక్కలు గారూ, మీరు కథను 1920 దగ్గర మొదలుపెట్టారు కాబట్టి లెక్క అలా కనిపిస్తోంది. ఒక్క ఏడాది వెనక్కి జరగండి. 1919లో బోస్టన్ రెడ్‌సాక్స్ తరఫున రూత్ 29 హోమ్‌రన్లు కొట్టాడు. అంతకుముందు 35 ఏళ్ళుగా నిలిచిన రికార్డు 27. నెడ్ విలియమ్‌సన్ దాన్ని 1884లో, కంచె చేతికందేంత దగ్గరగా ఉన్న చికాగో మైదానంలో సాధించాడు. పెద్ద లీగులు రెండు. 1919లో రూత్ ఆడిన అమెరికన్ లీగ్‌లో ఆయన తర్వాతి స్థానంలో ఉన్నవారికి దక్కినవి పదేసి, రెండోదైన నేషనల్ లీగ్‌లో మొదటి స్థానంలో ఉన్న గావీ క్రావత్‌కు 12.

ఆ 29 ఏ బంతితో వచ్చాయో కూడా చూడండి. ఉమ్మి, పొగాకు రసం, మట్టి పట్టించి నల్లబడిన బంతి. చివరి ఇన్నింగ్స్ నాటికి కుట్లు వదులై, ఒకవైపు మెత్తబడి, సాయంత్రం నీడలో కనిపించీ కనిపించకుండా వచ్చే బంతి. ప్రేక్షకుల్లో పడినా తిరిగి ఇవ్వమని అడిగేవారు. అలాంటి బంతిని గోడ దాటించిన ఆ మనిషి అదే సీజన్‌లో పిచర్‌గా 9 మ్యాచ్‌లు కూడా గెలిచాడు.

1920లో బంతి మారిందనే అనుకుందాం. అందరికీ అదే బంతి కదా? అమెరికన్ లీగ్‌లో రెండో స్థానంలో ఉన్న జార్జ్ సిస్లర్ ఎంత మంచి బ్యాటరైనా 19 దగ్గరే ఆగాడు. లీగ్‌లోని మిగతా ఏడు జట్లలో ఏ ఒక్క జట్టు కూడా, మొత్తం ఆటగాళ్ళు కలిసినా, 54 కొట్టలేదు. చాప్‌మన్ ప్రమాదం జరిగింది ఆగస్టులో. రూత్ తన 29 రికార్డును జూలైలోనే దాటేశాడు.

సందేహి

ఒక చిన్న ప్రశ్న. పోలో గ్రౌండ్స్‌లో కుడివైపు గోడ, హద్దు గీత దగ్గర, కేవలం 258 అడుగుల దూరంలో ఉండేదని చదివాను. ఎక్కువగా కుడివైపుకే కొట్టే ఎడమచేతి బ్యాటర్‌కు అది పెరటి గోడ లాంటిది కాదా?

ఎడమచేతివాటం

258 అడుగులంటే సుమారు 79 మీటర్లు. క్రికెట్ చూసి పెరిగిన మన కళ్ళకు అది మరీ దగ్గరి బౌండరీ ఏమీ కాదు, కానీ బేస్‌బాల్ కొలతల్లో దగ్గరే, ఒప్పుకుంటాను. అయితే ఆ దూరం గీత పక్కన మాత్రమే. మధ్యకు వెళ్ళేకొద్దీ గోడ బాగా దూరమైపోతుంది. 1920లో సొంత మైదానంలో కొట్టినవి 29, బయట కొట్టినవి 25. 1927లో అయితే సొంత మైదానంలో 28, బయట 32. మొత్తం కెరీర్‌లో సొంత మైదానాల్లో 347, బయట 367. బోస్టన్‌లోని ఫెన్‌వే పార్కులో కుడివైపు లోతు ఎక్కువ కాబట్టి 1919లో అక్కడ 9 మాత్రమే పడ్డాయి, 20 బయటే వచ్చాయి. 1918లో కొట్టిన 11లో ఫెన్‌వేలో ఒక్కటీ లేదు. మైదానం ఆయనకు మేలు చేసిన ఏళ్ళున్నాయి, కీడు చేసిన ఏళ్ళూ ఉన్నాయి.

పాతలెక్కలు

1919 లెక్క ముందు నా మొదటి వాదన నిలవదు, బంతి విషయంలో వెనక్కి తగ్గుతున్నాను. అయితే అసలు అభ్యంతరం మిగిలే ఉంది. సిస్లర్‌తోనో క్రావత్‌తోనో పోల్చి చూపుతున్నారు, కానీ ఆ పోలికలోకి రానివ్వని వారి సంగతేమిటి? 1947 ఏప్రిల్‌లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్‌సన్ బ్రూక్లిన్ జట్టు తరఫున దిగేదాకా, రూత్ ఆడినన్నాళ్ళూ, పెద్ద లీగుల్లో నల్లజాతి ఆటగాళ్ళకు చోటే లేదు. వారి కోసం ఏర్పడిన నీగ్రో లీగుల గణాంకాలను 2024లో మేజర్ లీగ్ అధికారిక రికార్డుల్లో కలిపారు. ఒక్కో అవకాశానికి సగటున ఎన్ని బేసులు సంపాదించారో చెప్పే స్లగ్గింగ్ లెక్కలో రూత్ 0.690ను నీగ్రో లీగుల ఆటగాడు జాష్ గిబ్సన్ 0.718తో దాటాడు. దాదాపు ఎనభై ఏళ్ళు మనం మొదటి పేరుగా చదివినది, పుస్తకంలోకి రానివ్వని మనిషి వెనుక రెండో స్థానంలో నిలిచే పేరు.

ఎడమచేతివాటం

ఇది బంతి వాదన కంటే బరువైన వాదన, దీన్ని అంకెలతో కొట్టిపారేయడం నా వల్ల కాదు. ఒక్క మాట మాత్రం చేర్చాలి. గిబ్సన్ లెక్క సుమారు 600 మ్యాచ్‌లది, రూత్‌ది 2,503 మ్యాచ్‌లది. గిబ్సన్‌కు అన్ని మ్యాచ్‌లు ఎందుకు లేవంటే దానికి కారణం కూడా మీరు చెప్పిన వివక్షే. ఆ లీగుల సీజన్లు చిన్నవి, స్కోరు పత్రాలు చాలావరకు పోయాయి. అందువల్ల గిబ్సన్ గొప్పా రూత్ గొప్పా అన్న ప్రశ్నకు జవాబు దొరకకపోవడం రూత్ తప్పూ కాదు, గిబ్సన్ తప్పూ కాదు. తన కాలంలో తనకు ఎదురైన వారికంటే ఎవరు ఎంత ఎత్తున నిలిచారన్న ప్రశ్న వేరు, దానికి రూత్ జవాబు గట్టిది. బ్రాడ్‌మన్ 99.94 సగటును మనం చూసేదీ అలాగే కదా. ఆ ఇద్దరూ 1932లో న్యూయార్క్‌లో కలుసుకున్నారు కూడా.

పాతలెక్కలు

“తన కాలంలో అందరికంటే ఎత్తున” అంటే నాకు అభ్యంతరం లేదు. “చరిత్రలోకెల్లా” అనే మాట దగ్గరే నేను ఆగుతాను. ఎందుకంటే “అందరూ” అన్న మాటలో సగం మంది తలుపు బయటే నిలబడ్డారు.

సందేహి

మరొక సందేహం. ఆ రోజుల్లో నేలను ఒకసారి తాకి ప్రేక్షకుల్లోకి ఎగిరిన బంతిని కూడా హోమ్‌రన్‌గా లెక్కించేవారట. అలాంటప్పుడు 714లో కొన్ని తీసేయాలేమో?

ఎడమచేతివాటం

ఆ నియమం నిజమే, కానీ ఆనాటి నియమాలు కోత కూడా పెట్టాయి. 1918 జూలై 8న ఫెన్‌వేలో, క్లీవ్‌లాండ్‌తో స్కోరు 0–0గా ఉండగా, పదో ఇన్నింగ్స్‌లో రూత్ బంతిని నేరుగా ప్రేక్షకుల్లోకి కొట్టాడు. అప్పటి నియమం ప్రకారం గెలుపుకు కావలసిన పరుగు రాగానే ఆట ముగిసినట్టే. మొదటి బేసు మీదున్న సహచరుడు పరుగు పూర్తి చేయగానే ఆట ముగిసింది కాబట్టి రూత్‌కు నాలుగు బేసుల హోమ్‌రన్ కాక మూడు బేసులే రాశారు. ఆ నియమాన్ని 1920లో మార్చారు. 1960ల చివర రికార్డుల సంఘం దాన్ని హోమ్‌రన్‌గా మార్చి 715 చేసింది, కొద్ది కాలానికే మనసు మార్చుకుని మళ్ళీ 714కే తెచ్చింది. 1918లో ఫెన్‌వేలో ఒక్కటీ లేదని పైన రాశాను కదా, ఆ సున్నా వెనుక ఉన్నది ఈ బంతే.