మా పాపకి నెలసరి గురించి ముందే ఎలా చెప్పాలి?

మా పాపకి 10 ఏళ్లు. మొన్న ఛాతీకి ఒక పక్క చిన్న గడ్డలా ఉందని, ముట్టుకుంటే నొప్పిగా ఉందని భయపడుతూ చెప్పింది. డాక్టర్‌కి చూపించాం. రొమ్ములు ఎదగడం మొదలైందని, ముందు ఒకవైపే కనిపించడం మామూలేనని ఆవిడ అన్నారు. సాధారణంగా 8 నుంచి 13 ఏళ్ల మధ్య ఇది మొదలవుతుందట. ఆ తర్వాత రెండు, రెండున్నరేళ్లకి నెలసరి వస్తుందట.

అంటే టైం ఉంది. నాకే మాటలు దొరకడం లేదు.

నాకు 12 ఏళ్లప్పుడు ఎవరూ ఏమీ చెప్పలేదు. మొదటిసారి మరక చూసి లోపల ఏదో తెగిపోయిందనుకున్నాను. ఆ మధ్యాహ్నమంతా క్లాసులో బెంచీ మీంచి లేవలేదు. అమ్మ నా చేతికి గుడ్డ ఇచ్చి "ఎవరికీ చెప్పకు" అంది, అంతే. తర్వాత రెండు నెలలు రాకపోయేసరికి ఏదో జబ్బని రాత్రిళ్లు ఏడ్చాను. మొదటి ఒకటి రెండేళ్లు క్రమం తప్పడం మామూలేనని పెద్దయ్యాకే తెలిసింది. అమ్మ మీద కోపం లేదు, ఆవిడకీ ఎవరూ చెప్పి ఉండరు. మొటిమలు, చెమట వాసన అన్నీ సర్దుకున్నాయి గానీ, ఛాతీ కనబడకుండా భుజాలు వంచుకుని నడిచే అలవాటు మాత్రం చాలా ఏళ్లు పోలేదు.

మీ అమ్మాయిలతో ఈ మాట ఎలా మొదలుపెట్టారు? ఒకేసారి కూర్చోబెట్టి చెప్పారా, కొంచెం కొంచెంగానా? నా అనుభవం చెప్తే తనకి ధైర్యం వస్తుందా, ఇంకా భయపడుతుందా? స్కూల్ బ్యాగులో ప్యాడ్ ఇప్పుడే పెట్టనా? చిన్నప్పుడు మీకెవరైనా బాగా చెప్పి ఉంటే, దయచేసి ఆ మాటలే రాయండి.