అమెరికన్ పోస్ట్‌మోడర్న్ నవలలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

నీలిసిరా:
హెమింగ్వే, ఫాక్నర్ దాకా వచ్చినవాళ్ళు 1960ల తర్వాతి అమెరికన్ నవలల్లోకి ఏ పుస్తకంతో దిగితే బాగుంటుంది? పించన్ 'గ్రావిటీస్ రెయిన్‌బో' (1973)లో వందో పేజీకే ఎవరు ఎవరో తెలియకుండా పోతోంది. ఇంకో సందేహం. కథని ముక్కలు చేసి చెప్పడం ఫాక్నరూ చేశాడు. మరి ఆయన మోడర్నిస్టు, వీళ్ళు పోస్ట్‌మోడర్నిస్టులు ఎలా అయ్యారు?

అటకమీదిపుస్తకం:
ప్రస్తుతానికి 'గ్రావిటీస్ రెయిన్‌బో'ని పక్కన పెట్టేయండి. 1974లో పులిట్జర్ (అమెరికా సాహిత్య బహుమతి) జ్యూరీ దానికే ఇమ్మంటే, చదవలేమంటూ బోర్డు ఒప్పుకోలేదు, ఆ ఏడాది ఫిక్షన్‌కి బహుమతే లేదు. కాబట్టి తికమక మీ ఒక్కరిదే కాదు.

పించనే కావాలంటే 'ద క్రయింగ్ ఆఫ్ లాట్ 49' (1966). రెండొందల పేజీలు కూడా ఉండదు. ఈడిపా అనే ఆమె పాత ప్రియుడి వీలునామా పని చూడబోయి, ఓ రహస్య తపాలా వ్యవస్థ జాడలు పట్టుకుంటుంది. డిటెక్టివ్ నవల అనుకుని చదివారో, దెబ్బతింటారు: చివర్లో వేలంపాట మొదలవబోతుండగా పుస్తకం అయిపోతుంది. ఆ వ్యవస్థ నిజంగా ఉందా, ఆమె భ్రమా, ఎవరైనా ఆమె మీద పన్నిన కుట్రా, కుట్ర ఉందనుకోవడమే భ్రమా? ఏదీ తేలదు. ఆధారం దొరికినప్పుడల్లా అది ఈ నాలుగింటికీ ఎలా సరిపోతోందో చూసుకోండి. పుస్తకం మజా అంతా అందులోనే ఉంది.

రెండో ప్రశ్నకి విమర్శకుడు బ్రయన్ మెక్‌హేల్ 1987లో చెప్పిన తేడా పనికొస్తుంది. మోడర్నిస్టు నవల 'నిజం మనకెలా తెలుస్తుంది?' అని అడుగుతుంది, పోస్ట్‌మోడర్నిస్టు నవల 'అసలు ఇది ఏ లోకం?' అని. ఫాక్నర్ 'ఆబ్సలమ్, ఆబ్సలమ్!' (1936) ఎనిమిదో అధ్యాయం తీయండి. ఇద్దరు కుర్రాళ్ళు పాత కథని ఆరా తీయడం దాటి, కల్పించేస్తుంటారు. మోడర్నిజం గీత దాటి పోస్ట్‌మోడర్నిజంలోకి అడుగుపెట్టింది అక్కడే అంటాడు మెక్‌హేల్.

పేజీమడత:
పించన్ కంటే ముందు వానెగట్ 'స్లాటర్‌హౌస్-ఫైవ్' (1969) పెట్టుకోండి, చిన్న వాక్యాలు, తేలిగ్గా సాగుతుంది. మొదటి అధ్యాయంలో మాట్లాడేది రచయితే. ముందుమాట కదా అని దాటేస్తే నవల సగం పోయినట్టే: రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ నగరం డ్రెస్డెన్ మీద జరిగిన బాంబుదాడిని మామూలు కథగా ఎందుకు చెప్పలేకపోయాడో అక్కడే ఉంది.

తర్వాత రాబర్ట్ కూవర్ కథ 'ద బేబీసిటర్' (1969). ఏది ముందు, ఏది తర్వాత అని కాగితం మీద రాసుకోకండి, కుదరదు. ఒకే రాత్రి కథకి ఇల్లు సవ్యంగా ఉన్న ముగింపూ ఉంది, ఘోరం జరిగిన ముగింపూ ఉంది.

నబోకొవ్ 'పేల్ ఫైర్' (1962) ఒక పద్యం, దానిమీద ఓ పాత్ర రాసిన వ్యాఖ్య రూపంలో ఉన్న నవల. దానికి మాత్రం రెండు బుక్‌మార్కులు కావాలి, ఒకటి 999 పాదాల పద్యంలో, ఇంకోటి వ్యాఖ్యలో. వ్యాఖ్యే ముందు చదవమని అందులో వ్యాఖ్యాత సలహా ఇస్తాడు. ఆ మనిషి మాట నమ్మకండి!

ఎర్రగీత:
ఇద్దరి లిస్టులోనూ అందరూ తెల్ల మగవాళ్ళే. నల్లజాతి రచయిత ఇష్మయేల్ రీడ్ 'మంబో జంబో' (1972) ఏమైంది? సినిమాలోలాగా ఒక అధ్యాయం నడిచాక టైటిల్ పేజీ పడుతుంది. మధ్యమధ్య ఫొటోలు, చివర గ్రంథసూచి. చరిత్ర ఎవరి చేతిలో ఉందన్న తగాదా కోసమే ఆ హంగంతా, చమత్కారానికి కాదు.

నీలిసిరా:
టోనీ మోరిసన్ 'బిలవిడ్' (1987)ని కూడా ఇందులో కలపొచ్చా?

ఎర్రగీత:
కలిపేవాళ్ళున్నారు. నాకైతే ఆ లేబుల్ ఇరుకు. బానిసత్వం నుంచి పారిపోయి 1856లో పట్టుబడినప్పుడు కూతుర్ని చంపిన మార్గరెట్ గార్నర్ ఉదంతం దాని మూలం. రెండో భాగంలో తల్లి సెథె, కూతురు డెన్వర్, చనిపోయిన బిడ్డే తిరిగొచ్చిందనిపించే బిలవిడ్ వరసగా మాట్లాడతారు. బిలవిడ్ మాటల్లో విరామచిహ్నాలు ఉండవు, బానిసల ఓడ అడుగుభాగం అక్కడ కనిపిస్తుంది. అర్థం కాలేదని ఆగకుండా ఆ పేజీలు పైకి చదవండి.