సమస్య: ఐదు గాదె రెండు నైక్యమైన

నల్లగొండ నుంచి (సమస్య ఇచ్చినవారు): ఈసారి ఆటవెలది, నాలుగో పాదం ఇస్తున్నా. ఇంటర్ పిల్లలకు వాయువుల పాఠం చెబుతూ రెండు బత్తాయిల్ని చీపురుపుల్లకు గుచ్చి తిప్పుతుంటే తట్టింది. ఇంతకు మించి చెప్పను.

వనపర్తి నుంచి:

పెండ్లి నాడు జంట, పిల్లలు ముగ్గురై
యింట గోల మింటికెగిసిపోయె
లెక్క పెట్టి చూడు లేదు సంశయమేమి
ఐదు గాదె రెండు నైక్యమైన

నల్లగొండ: నవ్వొచ్చింది సార్. గణాలు, యతులు కుదిరాయి. "మేమి / ఐదు" దగ్గర విసంధి (సంధి చేయకుండా వదిలేసిన దోషం) ఉంది. "సంశయమింక / నైదు" అంటే పోతుంది. మరి నా బత్తాయిలేవీ?

దేవరకొండ నుంచి:

మూడు దారులుండు మొదటి యణువునకు
మూడు రెండవదియు ముందె పొందె
కడ్డితోడ రెంటిఁ గట్టివేసితిమేని
నైదు గాదె రెండు నైక్యమైన

నల్లగొండ: పట్టేశావు తమ్ముడూ! విడివిడిగా ఉంటే ఒక్కో పరమాణువు కదలడానికి మూడు దారులు (ముందువెనకలు, పక్కలు, కిందమీదలు), మూడూ మూడూ ఆరు. మధ్య దూరం మారకుండా పుల్ల బిగిస్తే ఒకటి పోయి ఐదు: కలిసి కదలడానికి మూడు, గిరగిర తిరగడానికి రెండు. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటే ఇదే. ఒక మోల్ వాయువు ఒక కెల్విన్ వేడెక్కడానికి ఒంటి పరమాణువుల ఆర్గాన్ 12.5 జౌళ్ళు, జంట పరమాణువుల నైట్రోజన్ 20.8 జౌళ్ళు తీసుకుంటాయి (ఘనపరిమాణం మారకుండా). మూడుకూ ఐదుకూ ఉన్న నిష్పత్తే.

రెండు తప్పులు. అణువంటే మాలిక్యూల్, నీకు కావలసింది పరమాణువు. "మొదటి కణమునకు" అను, గణం చెడదు. "కట్టివేసితిమేని" అన్నాక మళ్ళీ "ఐక్యమైన" చర్వితచర్వణం. మూడో పాదం ఇలా చూడు:

కడ్డి నడుమ నిలిచి కట్టడి చేయంగ

"పుల్ల" అంటే నాకింకా ఇష్టమే కానీ యతి ఒప్పుకోదు.

మిర్యాలగూడ నుంచి: అన్నా, పరమాణువుల మధ్య అసలు బంధం కడ్డి కాదు కదా, స్ప్రింగ్. మా ఊరి మే ఎండకు అది ఊగి లెక్క ఏడవదా?

నల్లగొండ: 45 డిగ్రీలంటే 318 కెల్వినే. నైట్రోజన్‌లో ఆ ఊపు గట్టిగా తెలియాలంటే వెయ్యి కెల్విన్ దాటాలి. అంతకు తక్కువ వేడిలో ఢీకొన్నప్పుడు అందే శక్తి, ఆ ఊపు మొదటి మెట్టు ఎక్కడానికి (ఊపు శక్తి మెట్లు మెట్లుగానే పెరుగుతుంది) సాధారణంగా చాలదు. ఊపు మొదలైతే గతిశక్తికొకటి, స్థితిశక్తికొకటి చేరి ఏడు. అయినా స్ప్రింగ్ మాట నిజం. దాన్ని ఆటవెలదిలో ఇరికించే పని నీదే, ఆదివారం దాకా గడువు.