ప్రార్థనకు కూర్చుంటే మాట రావడం లేదు, మీలో ఎవరికైనా ఇలా అయిందా?

ప్రశ్న (నర్సు, హైదరాబాద్)

అందరికీ వందనాలు. మాది బాపట్ల దగ్గర పల్లె. ఇక్కడ స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను, నెలలో సగం నైట్ డ్యూటీలే. చిన్నప్పుడు రాత్రి అన్నాలయ్యాక చాప వేసుకుని కుటుంబ ప్రార్థన ఉండేది. నాయనమ్మకు చదువు రాదు కాబట్టి మేమే తలా రెండు వచనాలు చదివేవాళ్లం, ఆవిడ ప్రార్థన మొదలుపెడితే ఊళ్లో జబ్బుపడిన వాళ్ల పేర్లన్నీ వచ్చేవి, గేదె సుఖంగా ఈనాలని కూడా అడిగేది. ఇప్పుడు నేను రెండు నిమిషాలు కళ్లు మూసుకుంటే బాబు ఫీజు, మర్నాటి డ్యూటీ గుర్తొస్తాయి, లేదంటే నిద్ర. వంట చేస్తూ ఫోన్‌లో బైబిల్ వాక్యం పెడతాను, అయిపోయాక ఏం విన్నానో చెప్పలేను.

పోయిన నెల చర్చి స్త్రీల కూడికలో సాక్ష్యం, అంటే దేవుడు నాకు చేసిన మేలు, చెప్పమన్నారు. కొత్తగా చెప్పడానికి ఏమీ లేక ఎనిమిదేళ్ల కిందటిది, బాబు పుట్టినప్పటిది, మొన్ననే జరిగినట్టు చెప్పాను. ఇంటికొచ్చి ఏడ్చాను. ఒక పెద్దాయనతో చెప్పుకుంటే నీలో ఒప్పుకోని పాపం ఉంది, మూడు రోజులు ఉపవాసం ఉండు అన్నారు. ఉన్నాను, డ్యూటీలో కళ్లు తిరిగాయి తప్ప ఏమీ మారలేదు. దేవుడు లేడని నాకు అనిపించడం లేదు. ఆయన ఉన్నాడు, నేనే ఎక్కడో తప్పిపోయాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (కువైట్ నుంచి ఒక తమ్ముడు)

అక్కా, నేను ఇక్కడ ఒక ఇంట్లో డ్రైవర్‌ని. సెలవు శుక్రవారం కాబట్టి మా ఆరాధన కూడా శుక్రవారమే, కానీ ఆ రోజే ఇంటివాళ్లకి బయట తిరుగుడు ఎక్కువ, నాకు చర్చి నెలకోసారి దొరికితే గొప్ప. మొదటి ఏడాది నేనూ మీలాగే ఎండిపోయాను. ఒకరోజు మాల్ బయట కారులో వాళ్లకోసం చూస్తూ బైబిల్ తిప్పుతుంటే 88వ కీర్తన తగిలింది. మొరపెట్టే కీర్తనలు చాలావరకు చివరికి స్తుతిలోకి తిరుగుతాయి, 13వది చూడండి, ఎన్నాళ్లు నన్ను మరిచిపోతావని మొదలై ఆరు వచనాల్లోనే పాటలోకి వచ్చేస్తుంది. 88 అలా కాదు, 18 వచనాలు అయ్యాక కూడా చీకట్లోనే ఆగిపోతుంది. అయినా అది బైబిల్లో ఉంది కదా. ఆ రోజు నుంచి మంచి మాటలు వెతుక్కోవడం మానేశాను. ప్రభువా, నాకు ఇల్లు గుర్తొస్తోంది, నువ్వు గుర్తు రావడం లేదు అని పైకే అంటాను, కారు అద్దాలు ఎత్తే ఉంటాయి. నా ప్రార్థన అంతే.

జవాబు (సండే స్కూల్ టీచర్, తెనాలి)

అమ్మా, ముందు ఉపవాసాలు ఆపు. 12 గంటలు నిలబడి పనిచేసేదానివి. రాజులు మొదటి గ్రంథం 19వ అధ్యాయం తియ్యి. కర్మెలు కొండ మీద అంత జయం చూసిన ఏలీయా ప్రవక్త, యెజెబెలు రాణి బెదిరిస్తే పారిపోయి బదరీ వృక్షం కింద కూలబడి నా ప్రాణం తీసుకో అంటాడు. దేవుడు గద్దించలేదు, నీ పాపమేంటో ఒప్పుకో అనలేదు. దూత తట్టి లేపి తినమన్నాడు, తలదగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లబుడ్డి ఉన్నాయి. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ తినమనే అన్నాడు. దేవుడి నిమ్మళమైన స్వరం వినబడింది ఎప్పుడో తర్వాత, 40 రోజులు నడిచి హోరేబు కొండ చేరాక.

30 ఏళ్లు పిల్లలకి ఈ కథ చెప్పాను, రొట్టె సంగతి ఒక్క ముక్కలో దాటేసేదాన్ని. మా ఆయన పోయినప్పుడు ఎదురింటావిడ నెల రోజులు చారన్నం తెచ్చి పెట్టింది. ఒక్క బైబిల్ వాక్యమూ చెప్పలేదు, నేను తినేదాకా కూర్చునేది. అప్పుడు అర్థమైంది నాకు ఆ రొట్టె.

జవాబు

సిస్టర్, నేనూ నర్సునే. ఏడుపు, నీరసం, దేని మీదా మనసు లేకపోవడం రెండు వారాలు దాటితే డాక్టర్‌కి చూపించుకోండి, థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా చూపించండి. మందు వేసుకుంటే విశ్వాసం లేనట్టు కాదు. పేషెంట్లకి మనం రోజూ చెప్పేదే ఇది.

ప్రశ్న అడిగినామె

టీచరమ్మా, మీది చదివి చాలాసేపు ఏడ్చాను. నిన్న డ్యూటీ దిగి ఏ అపరాధభావమూ లేకుండా సాయంత్రం దాకా పడుకున్నాను. రాత్రి బాబుని పక్కన కూర్చోబెట్టుకుని తలా రెండు వచనాలు చదివాం. వాడు తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, చాలాసేపే పట్టింది. ప్రార్థన నువ్వే చెయ్యి నాన్నా అంటే, వాచ్‌మన్ తాత మోకాలు తగ్గాలని అడిగాడు. నేను ఆమేన్ అన్నాను. లోపల పెద్దగా ఏమీ కదల్లేదు, కానీ ఆ ఆమేన్ మాత్రం నిజంగానే అన్నాను. శుక్రవారం ఆఫ్ ఉంది, రక్తపరీక్షకి వెళ్తున్నాను.