పాత విండోస్ 7 డెస్క్‌టాప్, ఎన్‌వీడీఏ, యూవీ-5ఆర్: చర్ప్ నడిపే దారి ఉందా?

కొర్లగుంట_వినికిడి

అందరికీ నమస్తే. మాది తిరుపతి, కొర్లగుంట. నాకు చూపు పూర్తిగా లేదు, కంప్యూటర్ పనంతా ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తోనే (తెర మీది రాతను చదివి వినిపించే ప్రోగ్రామ్). హామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్స్ ఈమధ్యే చేతికొచ్చింది, బావోఫెంగ్ యూవీ-5ఆర్ చేతి రేడియో ఒకటి ఉంది. ఇంట్లో ఉన్నది మా మామ వాడి వదిలేసిన డెస్క్‌టాప్, విండోస్ 7, 2 జీబీ ర్యామ్. దీంట్లో చర్ప్ (కంప్యూటర్ నుంచి రేడియోలోకి ఛానళ్లు పంపే ప్రోగ్రామ్) పెట్టి ఛానళ్లు ఎక్కించుకుందామని చూస్తున్నా. పాత చర్ప్ తెరుచుకుంటుంది కానీ ఎన్‌వీడీఏ విండో పేరొక్కటి చెప్పి ఊరుకుంటుంది, ట్యాబ్ కొట్టినా బాణాలు కొట్టినా ఉలుకూ పలుకూ లేదు. కొత్తది దించుకుంటే అసలు మొదలే కావడం లేదు. మా చెల్లెలు పక్కన కూర్చుని చేసిపెడుతుంది, కాదనను, కానీ ఒక్క ఫ్రీక్వెన్సీ మార్చాలన్నా ఆమె కాలేజీ నుంచి వచ్చేదాకా కాచుకోవాలంటే ఎట్లా? కొత్త కంప్యూటర్ కొనమని మాత్రం చెప్పకండి, అది ఇప్పట్లో అయ్యే పని కాదు.

గ్రీమ్స్‌పేట_సీరియల్‌పోర్ట్

తమ్ముడూ, నువ్వు చిక్కుకున్న చోటే చాలామంది చిక్కుకుంటారు. పాత చర్ప్ పైథాన్ 2 మీద, జీటీకే అనే లైబ్రరీతో కట్టింది. విండోస్‌లో ఆ జీటీకే తెర మీద ఏముందో స్క్రీన్ రీడర్‌కు చెప్పదు, కాబట్టి ఎన్‌వీడీఏలో ఏ సెట్టింగ్ మార్చినా లాభం లేదు. కొత్తది పైథాన్ 3, డబ్ల్యూఎక్స్‌పైథాన్‌తో కట్టింది. మెనూలు, డైలాగులు విండోస్‌వే వాడుకుంటుంది కాబట్టి అవి చక్కగా చదువుతుంది. కానీ పైథాన్ 3.9 నుంచి విండోస్ 7లో నడవదు. అంటే నీ మిషన్‌లో నడిచేది మాట్లాడదు, మాట్లాడేది నడవదు.

రేడియో ప్రోగ్రామింగ్ అనేది రోజూ చేసే పని కాదు కదా. ఒక పెన్‌డ్రైవ్ తీసుకో. దాంట్లో ఎన్‌వీడీఏ పోర్టబుల్ కాపీ పెట్టుకో, చర్ప్ కొత్తది జిప్ రూపంలో దొరుకుతుంది, అదీ విప్పి పెట్టుకో. ఏ స్నేహితుడి విండోస్ 10 ల్యాప్‌టాప్‌లో అయినా గుచ్చి, ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా పని ముగించుకుని రావచ్చు. పోర్టబుల్ కాపీ కొత్త వెర్షన్‌తో చేసుకో, నీ ఇంట్లో మాత్రం 2023.3.4 దగ్గరే ఆగాలి, విండోస్ 7కు అదే చివరిది.

ఇక అసలు విషయం. కొత్త చర్ప్‌లో కూడా ఛానళ్ల పట్టికతో కుస్తీ పట్టొద్దు. ఆ గళ్లను ప్రోగ్రామే గీసుకుంటుంది, స్క్రీన్ రీడర్‌కు సరిగా అందవు. ముందు రేడియో నుంచి డౌన్‌లోడ్ చేసి ఆ ఐఎంజీ ఫైల్‌ను (రేడియోలో ఉన్నదాని నకలు) వేరే పేరుతో దాచిపెట్టు, ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి అదే దిక్కు. తర్వాత సీఎస్‌వీగా (కామాలతో గళ్లు విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్) ఎక్స్‌పోర్ట్ చేసి ఇంటికి తెచ్చుకో. నీ పాత కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్‌లోనే తీరిగ్గా కూర్చుని లైన్లు రాసుకో, మళ్లీ వెళ్లినప్పుడు ఇంపోర్ట్ చేసి అప్‌లోడ్ కొట్టు, అంతే. అప్‌లోడ్ అవుతున్నప్పుడు ఎన్‌వీడీఏ బీప్ బీప్ అంటూ స్వరం పెంచుకుంటూ పోతుంది, అది ప్రోగ్రెస్ బార్. మధ్యలో ఆగి డైలాగ్ చదివిందంటే కేబుల్ సరిగా దిగలేదని అనుకో. ఆ రెండు పిన్నుల ప్లగ్ గట్టిగా నొక్కితే గానీ చివరిదాకా పోదు.

కొర్లగుంట_వినికిడి

అన్నా, భలే చెప్పావు. ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో నిన్న ప్రయత్నించా, మెనూలన్నీ చదివింది! కానీ పోర్ట్ దగ్గర ఆగిపోయాం. డివైస్ మేనేజర్‌లో కేబుల్ పేరు ఉండాల్సిన చోట పీఎల్2303హెచ్ఎక్స్ఏ, 2012 నుంచి ఆపేశారు, అమ్మినవాళ్లను సంప్రదించండి అని ఇంగ్లిష్‌లో చదువుతోంది. అమ్మినవాడేమో కేబుల్ బ్రహ్మాండంగా ఉంది, నీ రేడియోనే పోయింది అంటాడు.

గ్రీమ్స్‌పేట_సీరియల్‌పోర్ట్

రేడియో నిక్షేపంగా ఉంది. ఆ కేబుల్‌లో ఉన్నది పాత చిప్పో, దాని నకలో. కొత్త డ్రైవర్ అలాంటివాటిని కావాలనే పక్కన పెడుతుంది. అప్‌డేట్ డ్రైవర్‌లోకి వెళ్లి, కంప్యూటర్‌లో ఉన్న జాబితా నుంచి ఎంచుకుంటాననే దారి పట్టు, అక్కడ 2008 నాటి 3.3.2.102 ఉంటే అది ఎంచుకో, లేకపోతే దించి పెట్టుకోవాలి. విండోస్ 10 తనంతట తాను మళ్లీ కొత్తది ఎక్కించేస్తుంది, అప్పుడు మళ్లీ ఇదే తంతు. విసుగొస్తే ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్న కేబుల్ కొనుక్కో, ఖరీదు కాస్త ఎక్కువైనా ఈ గోల ఉండదు.

చంద్రగిరి_పెంగ్విన్

పక్కింటి ల్యాప్‌టాప్ చుట్టూ ఎందుకు తిరగడం? ఆ డెస్క్‌టాప్ ప్రాసెసర్ 64 బిట్ అయితే ఉబుంటు మాటే అనే లినక్స్ వేసేయండి. ఆల్ట్, విండోస్ కీ, ఎస్ కలిపి నొక్కితే ఓర్కా అనే దాని స్క్రీన్ రీడర్ మాట్లాడటం మొదలుపెడుతుంది. 2 జీబీలో బ్రౌజర్ నత్తలా ఉంటుంది, చర్ప్‌కు మాత్రం చాలు. పైగా ఆ నకలు చిప్ గురించి లినక్స్ పెద్దగా పేచీ పెట్టదు. మీ యూజర్‌ను డయలౌట్ గ్రూపులో చేర్చడం మరవకండి, లేకపోతే పోర్ట్ తెరుచుకోదు. చర్ప్‌తో పాటు చర్ప్‌సీ అని కమాండ్ లైన్ ప్రోగ్రామ్ కూడా వస్తుంది, టెర్మినల్‌లో రేడియోను చదవడం, తిరిగి రాయడం రెండూ దాంతో అవుతాయి, కిటికీలతో పనే లేదు. నాకు చూపుంది, అయినా నేను అదే వాడతా.

ఒక్క చిత్రమైన సంగతి. కేబుల్ సీహెచ్340 చిప్‌ది అయితే ఉబుంటు 22.04లో గుచ్చిన మరుక్షణం పోర్ట్ మాయమవుతుంది. బీఆర్‌ఎల్‌టీటీవై అని బ్రెయిల్ డిస్‌ప్లేలను నడిపే సర్వీసు ఉంది, అది ఆ చిప్‌ను చూసి బ్రెయిల్ డిస్‌ప్లే వచ్చిందనుకుని పట్టేసుకుంటుంది! ఇంటర్నెట్‌లో అందరూ దాన్ని తీసేయమని చెబుతారు. మీ దగ్గర బ్రెయిల్ డిస్‌ప్లే ఉంటే ఆ సలహా పాటించకండి, దాని యూడెవ్ రూల్స్‌లో (ఏ పరికరం గుచ్చితే ఏం చేయాలో చెప్పే ఫైల్) ఆ చిప్ గుర్తింపు సంఖ్య 1ఏ86:7523 ఉన్న ఒక్క లైన్‌ను కామెంట్ చేస్తే (ముందు # పెట్టి పనిచేయకుండా ఆపితే) సరిపోతుంది.

కట్టమంచి_పాతకాపు

నాయనా, ఇవన్నీ నేర్చుకో, కానీ కీప్యాడ్ కూడా చేతికి అలవాటు చేసుకో. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులైన రోజులు చూశావు కదా, అలాంటప్పుడు కంప్యూటర్ ఎవడు తెరుస్తాడు? ముందు మెనూ 14లోకి పోయి వాయిస్ ఇంగ్లిష్‌లో పెట్టుకో. అన్ని విలువలూ చెప్పదు, మెనూ పేర్లు మాత్రం పలుకుతుంది. ఫ్రీక్వెన్సీ మోడ్‌లో 145500 కొట్టి, మెనూ, 27, మెనూ, 005, మెనూ, ఎగ్జిట్. ఐదో ఛానల్‌లో కూర్చుంటుంది. అక్కడ ముందే ఏదైనా ఉంటే 28తో చెరిపి తర్వాత రాయాలి. రిపీటర్లకు (మన మాటను అందుకుని మళ్లీ దూరం పంపే స్టేషన్లు) టోన్ (అవి తెరుచుకోవడానికి పంపే సన్నని స్వరం), ఆఫ్‌సెట్ (వినే, పంపే ఫ్రీక్వెన్సీల మధ్య తేడా) ఇవన్నీ చేతితో కొట్టడం పెద్ద తలనొప్పి, వాటికి చర్పే మేలు.

145.800 కూడా ఒక ఛానల్‌లో వేసుకో, అంతరిక్ష కేంద్రం నుంచి కిందికి వచ్చే మాట అక్కడే, వినడానికి మాత్రమే. మీకు ఉత్తరాన కొండ అడ్డం కాబట్టి ఆకాశంలో ఎత్తుగా గానీ దక్షిణం పక్కగా గానీ పోయే పాస్ (అది మన మీదుగా పోయే సమయం) చూసుకో.

కొర్లగుంట_వినికిడి

పాత డ్రైవర్‌తో రేడియో చదివేసింది, సీఎస్‌వీ ఇంటికొచ్చింది! ఇంకొక్కటి. నోట్‌ప్యాడ్‌లో లైన్ చదివిస్తే అంకెలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి, డూప్లెక్స్ (పంపే ఫ్రీక్వెన్సీ వినేదానికి పైనా, కిందా అని చెప్పే గడి) దగ్గర ఏమీ చెప్పకుండా దాటేస్తోంది. అక్కడ ఖాళీయా, మైనస్సా? ఎక్సెల్‌లో తెరవమంటారా?

గ్రీమ్స్‌పేట_సీరియల్‌పోర్ట్

ఎక్సెల్ వద్దు. డీటీసీఎస్ కోడ్ (టోన్ లాంటిదే, అంకెల్లో ఉండేది) 023 ఉంటే ముందున్న సున్నా మింగేసి 23 చేస్తుంది, ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టి ఇంపోర్ట్ చేసుకుంటే తప్ప. నోట్‌ప్యాడ్‌లోనే ఉండి ఎన్‌వీడీఏ కీతో పీ కొడుతూ పో, పంక్చువేషన్ లెవెల్ 'ఆల్' అని వినిపించేదాకా. మామూలు లెవెల్‌లో కామా, గీత రెండూ పలకదు. 'ఆల్'లో ప్రతి కామా చదువుతుంది, చెవికి కాస్త భారం, కానీ ఎన్నో గడిలో ఉన్నావో లెక్క తప్పదు. రెండు కామాల మధ్య డ్యాష్ అన్నదంటే అది మైనస్, తర్వాతి గడిలో (అది ఆఫ్‌సెట్) 0.600000 ఉందో లేదో చూసుకో. పేరు 7 అక్షరాలు దాటనివ్వకు, ఆపైన రేడియోలో పట్టదు.