కుడి పిర్ర పైన ఒకే చోట నొప్పి: డిస్కా, ఎస్ఐ జాయింటా?

గౌతమీతీరం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా ఆవిడకు 31 ఏళ్ళు. మామూలు కాన్పు, కాన్పై ఇప్పుడు అయిదో నెల. కుడివైపు నడుము కింద నొప్పి. ఎక్కడమ్మా అంటే వీపు కింద సొట్ట పడే చోటుకి వేలెడు లోపలగా, ఒక్క వేలితో చూపిస్తుంది. మంచం మీద ఒత్తిగిలినా, ఆటో దిగినా, మెట్లెక్కినా చురుక్కుమంటుంది. తొడ వెనక దాకా లాగుతుంది కానీ మోకాలు దాటదు, తిమ్మిరి లేదు. నడుము ఎంఆర్ఐలో ఎల్5-ఎస్1 డిస్క్ కొంచెం ఉబ్బిందని రాశారు. ఒకరు ట్రాక్షన్ (నడుమును బరువుతో లాగి ఉంచడం) అంటున్నారు, ఇంకొకరు ఎముక జరిగింది, నొక్కి సర్దుతామంటున్నారు. ఏది నమ్మాలి? బెల్టు కడితే ఎక్కడ కట్టాలి?

కదలికవైద్యం:

ఫిజియోథెరపిస్టుగా చెప్తున్నానండి. మీరు రాసిన లక్షణాలు ఎస్ఐ జాయింట్ వైపే, అంటే వెన్ను అడుగున ఉండే సాక్రమ్ ఎముక తుంటి ఎముకతో కలిసే కీలు వైపే చూపిస్తున్నాయి. డిస్క్ కొంచెం ఉబ్బడం ఏ నొప్పీ లేనివాళ్ళ ఎంఆర్ఐలోనూ తరచూ కనిపిస్తుంది, దాన్ని పట్టుకుని ట్రాక్షన్‌కు వెళ్ళొద్దు. ఈ కీలుకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

తేల్చడానికి చేత్తో చేసే పరీక్షలు అయిదున్నాయి. ముందుగా నడుమును వెనక్కి, ముందుకి పది పదిసార్లు వంచి చూడాలి. అలా చేస్తుంటే కాల్లోని లాగుడు నడుము మధ్యకు వచ్చేస్తే అది డిస్కే, మిగతా పరీక్షలతో పనిలేదు. అలా కాకపోతే థై థ్రస్ట్: వెల్లకిలా పడుకోబెట్టి, తుంటి దగ్గర 90 డిగ్రీలు మడిచి, సాక్రమ్ కింద ఒక చెయ్యి ఉంచి తొడ ఎముక వెంబడి నిటారుగా కిందికి నొక్కాలి. తర్వాత డిస్ట్రాక్షన్, కంప్రెషన్, సాక్రల్ థ్రస్ట్, గేన్స్‌లెన్, ఇవీ ఆ కీలు మీద రకరకాలుగా ఒత్తిడి పెట్టి చూసేవే. అయిదింటిలో మూడు పాజిటివ్ అయితే ఎస్ఐ అనుకోవచ్చు. ఒక్కటీ కాకపోతే దాదాపు వదిలేయొచ్చు.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. నొక్కితే ఏదో ఒక నొప్పి వస్తుంది, దాన్ని పాజిటివ్‌గా రాసేస్తారు. ఆవిడ "ఇదే, రోజూ వచ్చే నొప్పి ఇదే" అనాలి. అది కానిది లెక్కలోకి రాదు.

ఎముక జరిగిందన్న మాట తీసేయండి. ఈ కీలు తిరిగేదే రెండు నాలుగు డిగ్రీలు, జరిగేది ఒకటి రెండు మిల్లీమీటర్లు. అంత తేడా వేళ్ళకు అందదు. నొక్కినప్పుడు టక్కుమన్న శబ్దం కీలులో గాలి బుడగది. కండరం సడలి రెండు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత మళ్ళీ మొదటికే.

బెల్టు సంగతి. బాలింతకు కట్టే నడికట్టు నడుం దగ్గర ఉంటుంది, ఇది దానికంటే బాగా కిందికి. నిలబడి అరచేయి తొడ పక్కన పెట్టి, కాలిని లోపలికీ బయటికీ తిప్పమనండి. చేతి కింద గుండ్రంగా ఒక ఎముక దొర్లుతుంది. దానికి కాస్త పైన, ముందు తుంటి కొనలకు కింద బెల్టు పడాలి. పైకి జారితే పొట్టనే నొక్కుతుంది, కీలుకు పనిచేయదు. బిగువు మరీ వద్దు, చదునుగా చెయ్యి దూరాలి. నడిచేటప్పుడు, పని చేసేటప్పుడు మాత్రమే, పడుకునేటప్పుడు తీసేయాలి.

కొనేముందు ఒకటి చూడండి. వెల్లకిలా పడుకుని మోకాలు వంచకుండా కుడి కాలు 20 సెంటీమీటర్లు లేపమనండి. బరువుగా అనిపిస్తే, మీరు రెండువైపులా తుంటిని చేతులతో లోపలికి నొక్కి పట్టుకుని మళ్ళీ లేపించండి. తేలికైతే బెల్టు పనికొస్తుంది. తేడా లేకపోతే డబ్బు దండగ.

వ్యాయామం: మోకాళ్ళు మడిచి పడుకుని, ఊపిరి వదులుతూ పొత్తికడుపునూ, మూత్రం ఆపుకునే కండరాలనూ మెల్లగా లోపలికి లాగి 5 సెకన్లు పట్టాలి, 10 సార్లు. మోకాళ్ళ మధ్య దిండు పెట్టి నొక్కడం కూడా అంతే. బ్రిడ్జ్ (అలాగే పడుకుని పిర్రలు పైకెత్తడం) రెండు కాళ్ళతో, 10 చొప్పున రెండు విడతలు. తొడ వెనక పట్టేస్తే పాదాలు దూరంగా ఉన్నాయని అర్థం, మడమలు దగ్గరకు లాక్కోవాలి. ఒంటికాలి బ్రిడ్జ్ ఇప్పుడే వద్దు. మర్నాడు పొద్దున నొప్పి ముందురోజు కంటే పెరిగితే సగానికి తగ్గించండి, లేకపోతే వారానికి రెండేసి పెంచండి.

సాగదీతలు మాత్రం కొంతకాలం ఆపేయాలి. పిర్ర పట్టేసిందని మోకాలిని ఎదురు భుజం వైపు లాగుతుంటారు. కాన్పు తర్వాత లిగమెంట్లు (ఎముకలను కలిపి పట్టే పట్టీలు) వదులుగా ఉంటాయి, ఆ లాగుడు కీలు మీదే పడుతుంది.

మిగతావి ఇంట్లో సంగతులు. పాపను ఒకే చంకన పెట్టుకుని ఆ తుంటిని పక్కకు నెట్టి నిలబడటమే ఈ నొప్పిని ఆరనివ్వదు. పాలిచ్చేటప్పుడు బాసిపట్టు వేసుకోకుండా కుర్చీలో, వెనక దిండుతో. ఒత్తిగిలేటప్పుడు రెండు మోకాళ్ళూ కలిపి ఒకే దుంగలా తిరగాలి. మెట్లెక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు నొప్పి కాలు.

వాతపుజబ్బులు:

పైన రాసినదంతా సరైనదే. కానీ అదంతా కీలు మీద భారం వల్ల వచ్చే నొప్పికి. మొదలుపెట్టేముందు మూడు అడగండి.

పొద్దున లేవగానే అరగంటకు మించి బిగుసుకుని, నడిస్తే తగ్గి, పడుకుంటే పెరుగుతుందా? తెల్లవారుజామున మెలకువ వస్తుందా? ఇలా మూడు నెలలు దాటితే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్నుకూ ఈ కీళ్ళకూ వచ్చే వాతం) జాతి జబ్బుల కోసం చూడాలి, కన్ను ఎర్రబడటం, సోరియాసిస్, ఇంట్లో ఎవరికైనా ఉండటం కూడా అడగాలి. హెచ్ఎల్ఏ బి27 అనే జన్యువు రక్తపరీక్ష ఒక్కటే పాజిటివ్ వస్తే భయపడకండి. అది ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఆ జబ్బు రానే రాదు.

జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, ఒక్కవైపే పెరిగిపోతున్న నొప్పి ఉంటే టీబీని అనుమానించాలి. పచ్చిపాలు తాగే, పశువుల ఈతలు చూసే ఇళ్ళలో బ్రుసెల్లా (పశువుల నుంచి అంటే ఇన్ఫెక్షన్) కూడా. ఇవి కావని తేలకుండా కీలులో స్టెరాయిడ్ వేయడం ప్రమాదం.

నిలబడి అడుగు వేస్తే రోజురోజుకీ పెరుగుతుంటే సాక్రమ్‌లో సన్నని పగులు ఉందేమో చూడాలి. పాలిచ్చే తల్లుల్లో అరుదుగా వస్తుంది.

అవసరమైతే నడుము ఎంఆర్ఐ కాదు, "ఎస్ఐ జాయింట్, స్టిర్ సీక్వెన్స్‌తో" (ఎముకలో నీరు కనిపించేలా తీసే పద్ధతి) అని రాయించుకోవాలి. ఒక హెచ్చరిక: కాన్పైన కొన్ని నెలల దాకా ఆ కీలు పక్క ఎముకలో నీరు కనిపించడం మామూలే. ఆ ఒక్క రిపోర్టుతో వాతం అని ముద్ర వేయించుకోవద్దు.

గౌతమీతీరం:

చాలా ధన్యవాదాలండి. పొద్దున బిగుతు పది నిమిషాలే, జ్వరం లేదు. మీరు చెప్పినట్టు తుంటిని నొక్కి పట్టుకుంటే కాలు సులువుగా లేచింది! పాలిస్తోంది కదా, నొప్పి మాత్రలు వేసుకోవచ్చా? ఇంజెక్షన్ దాకా వెళ్తుందా?

వాతపుజబ్బులు:

పారాసిటమాల్ 650 ఆరు గంటల ఎడంతో వేసుకోవచ్చు, రోజుకు నాలుగు దాటొద్దు. చాలకపోతే తిన్నాక ఐబుప్రోఫెన్ 400, కొద్ది రోజులే. పాలిచ్చేవాళ్ళకు ఇది సరిపడేదే, కడుపులో పుండు, కిడ్నీ సమస్య ఉంటే మాత్రం వద్దు.

ఇంజెక్షన్ ఆలోచన 6 నుంచి 8 వారాలు ఇవన్నీ చేశాక కూడా సగమైనా తగ్గకపోతేనే. వేస్తే సి-ఆర్మ్ (అప్పటికప్పుడు చూపించే ఎక్స్‌రే యంత్రం) కింద, సూది కీలులోకి వెళ్ళిందని చూసుకునే వేయాలి. చేత్తో తడిమి వేస్తే చాలాసార్లు బయటి లిగమెంట్లలోనే పడుతుంది. కీలులో పట్టేది రెండు మిల్లీలీటర్ల చిల్లరే. వేయించుకున్న రోజు మత్తుమందు పనిచేసే మొదటి కొన్ని గంటలు అరగంటకోసారి నొప్పికి పదికి ఎంతో కాగితం మీద రాయించండి, ఒత్తిగిలి, మెట్టెక్కి చూసి మరీ. ముప్పావు వంతు తగ్గితే నొప్పి అక్కడిదే. తగ్గకపోతే రెండో ఇంజెక్షన్ అడగొద్దు, వేరే కారణం వెతకాలి.