275 సీసీనా, 350 సీసీనా? ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పారు

గుంటూరు అమ్మాయి:

అక్కలందరికీ నమస్తే. మా ఆయనకి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియని విషయం, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

నాకు 33 ఏళ్లు. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 51 కిలోలు. ఇద్దరు పిల్లలు. చిన్నవాడు పాలు మానేసి ఏడాది కావస్తోంది. పెళ్లికి ముందు 34 బీ సరిగ్గా సరిపోయేది. ఇప్పుడు అదే బ్రా వేసుకుంటే కప్పు పైభాగం ఖాళీగా ముడతలు పడుతోంది. కింద కాస్త ఉంది, పైన ఏమీ లేదు. జాకెట్లకి కప్స్ పెట్టి కుట్టమని టైలర్‌తో చెప్పేటప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. రొమ్ముల్లో సిలికాన్ ఇంప్లాంట్లు పెట్టించుకుందామని బాగా ఆలోచించుకునే ఆపరేషన్‌కి సిద్ధమయ్యాను, కాబట్టి చేయించుకోవాలా వద్దా అన్నది నా ప్రశ్న కాదు. ఎంత సైజు అన్నదే తేలడం లేదు.

హైదరాబాద్‌లో మొదట చూపించుకున్న ప్లాస్టిక్ సర్జన్ టేపు, కాలిపర్ పెట్టి చాలాసేపు కొలిచారు. రొమ్ము అడ్డం వెడల్పు 11.5 సెంటీమీటర్లు అని రాసుకున్నారు. పైభాగంలో చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి చూస్తే మందం ఒకటిన్నర సెంటీమీటర్లే వచ్చింది. "మీకు 275 సరిపోతుంది, మహా అయితే 300. పైసగం కండ కిందకి వెళ్లేలా పెడతాను. అంతకు మించి పెట్టను" అన్నారు. రెండో చోట అసలు టేపే తీయలేదు. నా ఫోన్‌లో ఉన్న ఒక ఫొటో చూసి, "ఈ లుక్ రావాలంటే 350 పడుతుంది, ఇప్పుడందరూ అదే అడుగుతున్నారు, తక్కువ పెట్టించుకున్నవాళ్లే తర్వాత బాధపడుతున్నారు" అని తేల్చేశారు.

నాకు కావలసింది సీ కప్పు, అంతే. ఇంట్లో బియ్యం టెస్ట్ కూడా చేశాను. కొలత జగ్గుతో బియ్యం కొలిచి, సాక్సుల్లో పోసి ముడివేసి బ్రాలో పెట్టుకున్నాను. టీషర్టులో 350 బాగుందనిపించింది. కాటన్ చీర కట్టుకుంటే మాత్రం నాకే కొత్తగా, ఎబ్బెట్టుగా అనిపించింది. ఆ 75 సీసీ తేడా బయటకి ఎంత కనిపిస్తుంది? ఎవరి మాట వినాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

మణికొండ అక్క:

చెల్లీ, కొలిచినవాళ్ల మాట విను. నాది 265. నీలాగే ఇద్దరు పిల్లల తర్వాత చేయించుకున్నాను, ఒళ్లు కూడా ఇంచుమించు నీ అంతే.

నాకు బాగా ఉపయోగపడింది ఒకటి చెప్తాను. మా డాక్టర్ దగ్గర ట్రయల్ సైజర్లు ఉన్నాయి. ఒక వైపు లోతుగా, బ్రా లోపల పెట్టుకునేవి. అపాయింట్‌మెంట్‌కి వెళ్లేటప్పుడు నా బట్టలు నేనే తీసుకెళ్లాను: రోజూ ఆఫీసుకి వేసుకునే కుర్తీ, ఒక చీర, దాని జాకెట్, ఒక బిగుతు టీషర్టు. ఒక్కో సైజు పెట్టుకుని, ఒక్కో బట్ట మార్చుకుని, ఆ గదిలోనే వంగి చెప్పుల బకిల్ పెట్టుకుని, చెయ్యెత్తి జడ వేసుకుని చూశాను. అద్దం ముందు నిలబడితే 320 అందంగానే ఉంది. వంగి లేచేసరికి అది నాది కాదని తెలిసిపోయింది. నువ్వు రోజులో ఎక్కువసేపు ఏ బట్టల్లో ఉంటావో వాటిలోనే చూసుకో. ఫంక్షన్ల కోసం సైజు ఎంచుకోకు.

ఇంకోటి, ఆపరేషన్ అయిన కొత్తలో చూసి భయపడకు, మురిసిపోకు కూడా. వాపు వల్ల పెద్దగా, పైకి బిగదీసినట్టు, గట్టిగా ఉంటాయి. మూడు నెలలకి గానీ కిందకి దిగి మెత్తబడి అసలు ఆకారం రాదు, కొందరికి ఆరు నెలలు పడుతుంది. వాపు తగ్గినప్పుడు "అయ్యో చిన్నవైపోయాయే, ఇంకాస్త పెద్దవి పెట్టించుకోవాల్సింది" అని చాలామందికి అనిపిస్తుంది. నీకు రెండో చోట చెప్పిన "బాధపడుతున్నారు" అనే మాట చాలావరకు ఆ రోజులదే.

చిన్నవాడిని కొన్ని వారాలపాటు ఎత్తుకోకూడదు, అది ముందే ఆలోచించుకో. మా అమ్మని పిలిపించుకున్నాను నేను. పిల్లాడు ఉరుకుతూ వచ్చి గుండెల మీద పడతాడేమోనని కాచుకోవడానికే ఒక మనిషి కావాలి.

ఓటీ సిస్టర్:

నమస్తే అమ్మా. నేను హైదరాబాద్‌లో ప్లాస్టిక్ సర్జరీ ఓటీలో, అంటే ఆపరేషన్ థియేటర్లో, స్టాఫ్ నర్సుని. డాక్టర్ని కాను, మీ డాక్టర్ మాటకి బదులుగా నా మాట తీసుకోకండి. కానీ ఈ సైజు గురించి ఏళ్ల తరబడి చూస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు మీరు మనసులోంచి తీసెయ్యాల్సింది సీ కప్పు. ఇంప్లాంట్‌కి కప్పు సైజు ఉండదు, సీసీలే ఉంటాయి. బ్రా కప్పు అనేది బ్యాండ్‌ని బట్టి మారిపోతుంది. 34 సీ లో పట్టేది, 36 బీ లో పట్టేది ఇంచుమించు ఒకటే. దానికి తోడు ఒక కంపెనీ సీ ఇంకో కంపెనీ బీ లాగా ఉంటుంది. అందుకే "మీకు కచ్చితంగా సీ కప్పు వచ్చేలా చేస్తాను" అని ఏ డాక్టరైనా మాటిస్తే నాకు అనుమానమే. మీరు చెప్పవలసింది అక్షరం కాదు. "పైభాగం నిండాలి, జాకెట్‌లో కప్స్ అక్కర్లేకుండా ఉండాలి, చూడగానే పెట్టించుకున్నట్టు తెలియకూడదు" అని మామూలు మాటల్లో చెప్పండి. సర్జన్‌కి అది ఎక్కువ పనికొస్తుంది.

ఇక ఆ 11.5 సెంటీమీటర్లు. అసలు కథంతా అందులోనే ఉంది. ఇంప్లాంట్ గుండ్రటి అడుగు మీ రొమ్ము వెడల్పు లోపలే ఒదగాలి. దాటితే చంక వైపు పొడుచుకొస్తుంది, లేదా మధ్యలోకి వచ్చి రెండూ దగ్గరైపోతాయి. అమెరికాలో టెబెట్స్, ఆడమ్స్ అనే సర్జన్లు 2005లో ఐదు కొలతలతో సైజు తేల్చే పద్ధతి ఒకటి ప్రచురించారు. రొమ్ము వెడల్పు, చర్మం ముందుకి ఎంత సాగుతుంది, నిపుల్ నుంచి రొమ్ము కింది మడత దాకా దూరం, పైన మందం, కింద మందం. ఆ లెక్కలో 11.5 వెడల్పుకి మొదలుపెట్టేదే 275 దగ్గర. చర్మం బిగుతుగా ఉంటే కొంచెం తగ్గిస్తారు, బాగా సాగితే కొంచెం పెంచుతారు. మీ మొదటి డాక్టర్ చెప్పిన 275, మహా అయితే 300 అన్నది ఊరికే చెప్పింది కాదు, మీ ఒంటి నుంచి వచ్చిన అంకె.

మరి 11.5 వెడల్పులో 350 పట్టదా అంటే పడుతుంది. దానికే హై ప్రొఫైల్ అని ఉంటాయి. అడుగు అంతే ఉంచి ముందుకి ఎత్తు పెంచుతారు. 275కీ 350కీ తేడా ఒక్కో వైపు ఐదు టేబుల్ స్పూన్లు. అదే అడుగు మీద పెడితే దాదాపు ఒక సెంటీమీటరు ముందుకి వస్తుంది. బట్టల్లో ఆ తేడా మీకు తెలుస్తుంది గానీ ఎదుటివాళ్లు అంతగా పట్టించుకోరు. లోపల ఉన్న చర్మానికి మాత్రం చాలా తెలుస్తుంది. మీకు పైన మందం ఒకటిన్నర సెంటీమీటర్లే అన్నారు కదా. రెండు సెంటీమీటర్లకి తక్కువుంటే అంచు కనబడకుండా కండ కింద పెట్టమనే చాలామంది సర్జన్లు అంటారు. అలాంటి పల్చటి ఒంటికి పెద్దది పెడితే కొన్నేళ్లకి ఉన్న కండ, కొవ్వు నొక్కుకుపోయి ఇంకా పల్చబడతాయి. అంచులు కనబడతాయి, ముందుకి వంగినప్పుడు పక్కన అలల్లాగా ముడతలు తేలతాయి. బరువుకి కింది మడత జారిపోయి ఇంప్లాంట్ దిగిపోతుంది, నిపుల్ పైకి చూస్తుంది. దాన్ని సరిచేసే ఆపరేషన్ మొదటిదానికంటే కష్టం. అలా వచ్చినవాళ్లని టేబుల్ మీద చూశాను అమ్మా, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

బియ్యం టెస్ట్ తప్పని అనను. కానీ బియ్యం రొమ్ము పైన కూర్చుంటుంది, ఇంప్లాంట్ వెనకాల కూర్చుంటుంది. ఆకారం వేరేగా వస్తుంది. బరువు కూడా బియ్యంతో పూర్తిగా తెలియదు. ఇంప్లాంట్‌లో ఉండే సిలికాన్ జెల్ బియ్యం కంటే బరువు, 350 సీసీ అంటే ఇంచుమించు 350 గ్రాములు. రెండు వైపులా కలిపి ముప్పావు కిలోకి కాస్త తక్కువ, అవి ఉన్నన్నాళ్లూ మోయాలి. మీకు చీరలో ఎబ్బెట్టుగా అనిపించిందన్నారు చూడండి, ఆ టెస్టులో పనికొచ్చే సంగతి అదే.

ఫొటో చూసి సైజు చెప్పడం గురించి ఒక్క మాట. ఆ ఫొటోలో ఉన్నామె భుజాల వెడల్పు, ఛాతీ ఎముకల ఆకారం, ముందు నుంచీ ఉన్న రొమ్ము ఎంతో మనకి తెలియదు. ఫొటోలు తీసుకెళ్లండి, నచ్చినవీ, అస్సలు నచ్చనివీ రెండూ. నచ్చనివి చూపిస్తేనే సర్జన్‌కి త్వరగా అర్థమవుతుందని నా అనుభవం. అంకె మాత్రం ఫొటో నుంచి తీసుకోకండి.

రెండో చోట చేసేవారు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ డిగ్రీ చేశారా లేదా అడగండి. బోర్డు మీద కాస్మెటిక్ అని ఉన్నంత మాత్రాన సర్జన్ అని కాదు.

డాలస్ వదిన:

సిస్టర్ చెప్పింది అక్షరాలా నిజం. నా అంకె చెప్తే మీకే అర్థమవుతుంది. నాది 375. వినగానే చాలా పెద్దది అనిపిస్తుంది కదా? నా ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు, వెడల్పు 13.5. నా ఒంటి మీద అది మామూలుగా ఉంటుంది, చుడీదార్‌లో ఎవరికీ తెలియదు. నా స్నేహితురాలు నెల్లూరు అమ్మాయి, చిన్న మనిషి, 255తో నాకంటే నిండుగా కనిపిస్తుంది. ఒకరి సీసీ ఇంకొకరికి పనికిరాదు.

మొట్టమొదటి సిలికాన్ ఇంప్లాంట్ 1962లో మా టెక్సాస్‌లోనే, హ్యూస్టన్‌లో పెట్టారు. ఇన్నేళ్లయినా ఇవి జీవితాంతం ఉండే వస్తువులు కావని మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే ఇక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ స్పష్టంగా చెప్తుంది. ఎప్పుడో ఒకప్పుడు మార్చాలి లేదా తీయించాలి. పెద్దది పెట్టి చర్మం సాగదీస్తే, తీయించే రోజున ఆ సాగిన చర్మమే మీకు మిగులుతుంది. 33 ఏళ్లకి పెట్టించుకునేవాళ్లు ఇది తప్పకుండా ఆలోచించాలి. సిలికాన్‌కి పెట్టించుకున్న ఐదారేళ్లకి మొదటిసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకొకసారి ఎంఆర్ఐ గానీ అల్ట్రాసౌండ్ గానీ చేయించమంటారు, ఆ ఖర్చూ లెక్కలో పెట్టుకోండి. పైపొర నునుపా గరుకా అని కూడా అడగండి. అలర్గాన్ కంపెనీ వాళ్ల బయోసెల్ అనే గరుకు రకం లింఫోమా అనే అరుదైన క్యాన్సర్‌తో ముడిపడి ఉందని 2019లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు.

గుంటూరు అమ్మాయి:

ఇంత ఓపిగ్గా రాసినందుకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. 350 సంగతి వదిలేశాను. మొదటి డాక్టర్ దగ్గరికే వెళ్తాను.

ఓటీ సిస్టర్ గారూ, ఒక్క సందేహం. నాకు కాస్త జారినట్టు ఉంది. నిపుల్ సరిగ్గా రొమ్ము కింది మడతకి ఎదురుగా ఉందని డాక్టర్ అన్నారు. రెండో చోట పెద్దది పెడితే ఆ జారుడు దానంతటదే సర్దుకుంటుందన్నారు. 275తో అది అలాగే ఉండిపోతుందా?

ఓటీ సిస్టర్:

మడతకి ఎదురుగా ఉంటే అది గీత మీద ఉన్నట్టు, అమ్మా. పైన ఉంటే ఇంప్లాంట్ ఒక్కటే చాలు. బాగా కిందకి దిగితే లిఫ్ట్ కూడా కావాలి, అంటే అదనపు చర్మం తీసి నిపుల్‌ని పైకి జరపడం. మీలాంటి మధ్యస్థపు వాళ్లలో కొందరికి ఇంప్లాంట్‌తోనే సరిపోతుంది, కొందరికి సరిపోదు, అది చేత్తో చూసినవాళ్లే చెప్పాలి. ఖాళీ చర్మాన్ని నింపడానికని సైజు పెంచడం మాత్రం వద్దు. మొదట్లో ఎత్తినట్టే కనిపిస్తుంది, తర్వాత ఆ బరువే ఇంకా కిందకి లాగుతుంది.

ఈసారి వెళ్లినప్పుడు డాక్టర్ని సూటిగా అడగండి: "275తో లిఫ్ట్ లేకుండా చేస్తే ఏడాది తర్వాత నిపుల్ ఎక్కడ ఉంటుంది? లిఫ్ట్ చేస్తే మచ్చ ఎక్కడెక్కడ వస్తుంది?" రెండు వైపులా వేర్వేరుగా కొలిచారా అని కూడా అడగండి, చాలామందికి కుడిఎడమల్లో తేడా ఉంటుంది. ఓటీలో తాత్కాలిక సైజర్ పెట్టి, కూర్చోబెట్టినట్టుగా టేబుల్ లేపి చూసి, 275, 300 రెండింట్లో ఒకటి అప్పుడు ఖాయం చేస్తారేమో కనుక్కోండి. చేస్తే మీ ఇష్టం ముందే రాతపూర్వకంగా చెప్పండి, "అనుమానం వస్తే చిన్నదే పెట్టండి" అనో, "పెద్దదే" అనో. మత్తులో ఉన్న మిమ్మల్ని అడగలేరు కదా.

డిశ్చార్జ్ అయ్యే రోజు ఇంప్లాంట్ సీరియల్ నంబరు స్టిక్కర్ ఉన్న కార్డు ఇస్తారు. అడిగి తీసుకుని ఫొటో తీసి మీ ఆయన ఫోన్‌కి కూడా పంపండి. తర్వాత ఎప్పుడు మామోగ్రామ్‌కి వెళ్లినా టెక్నీషియన్‌కి ముందే ఇంప్లాంట్లు ఉన్నాయని చెప్పండి, ఇంప్లాంట్‌ని వెనక్కి జరిపి వేరుగా ఫిల్మ్ తీస్తారు.